ఒకే చేను, రెండు జవాబులు: శాస్త్రవేత్తలు ఒకరినొకరు ఎందుకు అడుగుతారు?

శెనక్కాయ విత్తిన నెల రోజులకు అనంతపురం పల్లెల్లో తరచూ ఇలా జరుగుతుంది. చేనులో ఒక మూల మొక్కలు తలలు వాలుస్తాయి. రైతు కొడుకు ఫోన్‌లో ఫొటో తీసి, తెలిసిన వ్యవసాయ శాస్త్రవేత్తకు పంపుతాడు. అదే ఫొటో బంధువుల ద్వారా కర్నూలులో ఉన్న ఇంకొక శాస్త్రవేత్తకు చేరుతుంది. సాయంత్రానికి రెండు జవాబులు వస్తాయి. ఒకాయన "వైరస్ లాగుంది" అంటాడు. ఇంకొకామె "మొదలు దగ్గర మట్టి తీసి చూడకుండా చెప్పలేను" అంటుంది. పైగా మొదటాయన ఆ ఫొటోను తోటి శాస్త్రవేత్తల గ్రూపులో పెట్టి "మీ వైపు ఇలాంటిది కనిపించిందా?" అని అడిగిన సంగతి కూడా బయటికి వస్తుంది. ఇక రచ్చబండ మీద మాట మొదలు: "వాళ్లకే తెలీదప్పా, ఒకర్నొకరు అడుక్కుంటాండారు!"

ఆ కోపానికి కారణం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. ఇక్కడ నాలుగు రోజులు ఆగితే అదను పోతుంది, పెట్టుబడి పోతుంది. అందుకే రైతుకు ఒకటే మాట కావాలి, అదీ ఈరోజే కావాలి. ఆ అవసరం న్యాయమైనదే. కానీ "ఒకర్నొకరు అడుగుతున్నారు కాబట్టి తెలియదు" అన్న లెక్క సరైనది కాదు. శాస్త్రం నడిచేదే అలా అడుక్కుంటూ. ఆ అడగడం ఒకప్పుడు ఉత్తరాల్లో, ల్యాబ్ వరండాల్లో, సదస్సుల్లో టీ తాగే వేళ జరిగేది కాబట్టి బయటివాళ్లకు కనపడేది కాదు. ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. సగంలో ఉన్న పనిని చూసి అదే పూర్తయిన పని అనుకోవడం దగ్గరే గందరగోళమంతా పుడుతోంది.

శాస్త్రవేత్త నోట వచ్చే ప్రతి మాటకూ ఒకే బరువు ఉండదు

వార్తల్లో "శాస్త్రవేత్తలు చెప్పారు" అని ఒకే ముక్కలో రాసేస్తారు. నిజానికి అందులో కనీసం నాలుగు రకాల మాటలు కలిసిపోయి ఉంటాయి.

అన్నిటికంటే తేలికైనది ప్రశ్న. "ఇది మీరెక్కడైనా చూశారా?" అని అడిగిన మనిషి ఏదీ నిర్ధారించడం లేదు, సమాచారం పోగు చేసుకుంటున్నాడు. దానికి తోటివాళ్లు ఇచ్చేది అనుభవం మీద చెప్పే సలహా. "నేనైతే ముందు ఫలానా పరీక్ష చేస్తాను" అన్న మాట విలువైనదే. అయితే దాని వెనుక ఉన్నది ఒక మనిషి చూసిన పొలాలు, ఒక మనిషి చేసిన ప్రయోగాలు మాత్రమే.

మూడోది ఫలితం. ప్రయోగం చేసి, ఎలా చేశారో, ఎన్నిసార్లు చేశారో, అంకెలు ఏమొచ్చాయో రాసి జర్నల్‌కు పంపుతారు. అదే రంగంలో ఉన్న ఇతర శాస్త్రవేత్తలు దాన్ని చదివి తప్పులు పడతారు, సందేహాలు అడుగుతారు, కొన్నిసార్లు వెనక్కి పంపేస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. ఈ పరిశీలన జరగకముందే పత్రాన్ని అందరికీ కనపడేలా పెడితే దాన్ని ప్రీప్రింట్ అంటారు. భౌతిక శాస్త్రంలో 1991లో మొదలైన ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భండారంతో ఈ అలవాటు స్థిరపడింది, జీవశాస్త్రంలో 2013లో వచ్చిన బయోఆర్కైవ్‌తో ఊపందుకుంది. ప్రీప్రింట్ అబద్ధమని కాదు. ఇంకా వేరే కళ్లు దాన్ని పరీక్షించలేదని మాత్రమే అర్థం.

నాలుగోది సిఫారసు. "ఈ రకం వేయండి, ఇంత మోతాదు వాడండి" అని విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చే మాట ఇది. మన రాష్ట్రంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక వేరుశనగ రకాన్ని రైతుకు చెప్పే ముందు పరిశోధనా స్థానాల్లో కొన్నేళ్లు, ఆ తర్వాత మినీకిట్ల (చిన్న విత్తన సంచుల) రూపంలో రైతుల పొలాల్లో పరీక్షిస్తుంది. కదిరి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అలా వచ్చినవే.

మొదటాయన గ్రూపులో పెట్టింది ప్రశ్న. మట్టి తీసి చూడాలన్న ఆమె మాట సలహా. రచ్చబండ మీద ఆ రెండిటినీ సిఫారసులుగా పోల్చి, "పొంతన లేదు" అని తేల్చేశారు.

2000 ఖరీఫ్: అడగకపోతే దొరకని జవాబు

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. అనంతపురం జిల్లా వాళ్లు 2000వ సంవత్సరం ఖరీఫ్‌ను మర్చిపోలేదు. ఆ ఏడు శెనక్కాయ చేలు ఉన్నట్టుండి మాడిపోయాయి. లేత ఆకుల మీద మచ్చలు, ఆ తర్వాత కాడలు, కాండం నల్లబడటం, మొవ్వులు చచ్చిపోవడం, చివరికి మొక్క మొత్తం ఎండిపోవడం. దాదాపు 2,25,000 హెక్టార్లలో ఈ తెగులు కనిపించిందని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని తర్వాత ప్రచురించిన పరిశోధన పత్రాలు లెక్క కట్టాయి.

చూసినవాళ్లకు ముందు అనుమానం వచ్చింది మొవ్వుకుళ్ళు తెగులు మీద. అది ఇక్కడ పాత శత్రువే. దాన్ని కలిగించే వైరస్, ఆకులను గీకి రసం పీల్చే సన్నటి తామర పురుగుల ద్వారా వ్యాపిస్తుంది. లక్షణాలు దగ్గరగా ఉన్నాయి, పొలంలో తామర పురుగులూ ఉన్నాయి. ఆ అనుమానం తప్పు పట్టాల్సింది కాదు. కానీ జబ్బు పడిన మొక్కల్లో మొవ్వుకుళ్ళు వైరస్ కోసం పరీక్షిస్తే అది దొరకలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర వైరస్‌ల వైపు పరీక్షలు మళ్లించి, చివరికి ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ పని అని నిర్ధారించారు. ఆ ఫలితం 2002లో అచ్చయింది. తెలుగులో మనం ఇప్పుడు దీన్ని కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నాం.

పేరులో "పొగాకు" ఉందని తికమక పడనక్కర్లేదు. మొదట పొగాకు మీద గుర్తించారు కాబట్టి ఆ పేరు వచ్చింది, అది సోకే మొక్కల జాతులు వందల్లో ఉన్నాయి. మన సరిహద్దు దాటితే కర్ణాటకలో వచ్చే బాగేపల్లి వైపు 1997లోనే పొద్దుతిరుగుడులో ఒక కొత్త తెగులు కనిపించింది. దానికీ ఇదే వైరస్ కారణమని 2000 నాటికి తేలింది. అంటే శెనక్కాయ మీద పని చేసేవాళ్లకు కొత్తగా తోచిన శత్రువు, పొద్దుతిరుగుడు మీద పని చేసేవాళ్లకు అప్పటికే పరిచయస్తుడు. పంట మారితే శాఖ మారుతుంది, ప్రయోగశాల మారుతుంది, చదివే జర్నల్ కూడా మారుతుంది. వైరస్‌కు ఆ గోడలు లేవు.

అసలు చిక్కుముడి ఇక్కడుంది. రెండు తెగుళ్లలోనూ తామర పురుగు ఉంది, కానీ అది చేసే పని వేరు. మొవ్వుకుళ్ళులో వైరస్ పురుగు ఒంట్లోకే చేరుతుంది. పిల్ల దశలో జబ్బు మొక్కను తిన్నప్పుడు లోపలికి పోయిన వైరస్, పెద్దదయ్యాక దాని లాలాజలం ద్వారా కొత్త మొక్కకు ఎక్కుతుంది. కాండం కుళ్ళు వైరస్ తెగులులో వైరస్ ఉండేది పుప్పొడిలో. పుప్పొడి పురుగు ఒంటికి అంటుకుంటుంది లేదా గాలికి వచ్చి ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీకినప్పుడు పడిన గాయంలో నుంచి ఆ పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది. మరి ఆ పుప్పొడి ఎక్కడిది? ఎక్కువగా గట్ల మీద, బీళ్లలో, రోడ్డు పక్కన తెల్లగా పూసే వయ్యారిభామది. చాలామంది కాంగ్రెస్ గడ్డి అని పిలిచేది దీన్నే. ఆ మొక్కలో వైరస్ ఉన్నా పైకి ఏ జబ్బు లక్షణమూ కనిపించదు. నిగనిగలాడుతూ పూస్తూనే ఉంటుంది.

ఈ ఒక్క జవాబులో ఎంతమంది ఉన్నారో చూడండి. వైరస్‌ను గుర్తించాలంటే వైరస్ నిపుణులు కావాలి. అది పురుగు ఒంట్లో ఉందా, ఒంటి మీది పుప్పొడిలో ఉందా తేల్చాలంటే కీటక శాస్త్రవేత్త కావాలి. ఏ కలుపు ఎప్పుడు పూస్తుందో, చేనుకు ఎంత దూరంలో ఉందో చెప్పాలంటే పొలాలు తిరిగే సేద్య శాస్త్రవేత్త కావాలి. ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గరా పూర్తి జవాబు లేదు. ఒకరినొకరు అడగకుండా ఉండి ఉంటే, శెనక్కాయ చావుకు గెనెం (గట్టు) మీది తెల్ల పూలతో సంబంధం ఉందని ఎవరికి తోచేది? ఆ సంబంధం తెలిశాకే సిఫారసులు మారాయి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని వరుసలు దట్టంగా వేసి గాలికి వచ్చే పురుగుకు అడ్డుకట్ట కట్టడం అలా వచ్చినవే.

మంచి ప్రశ్న లోపల సగం జవాబు ఉంటుంది

"శెనక్కాయ చచ్చిపోతాంది, ఏం కొట్టాలి?" అన్న ప్రశ్నకు ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తా నమ్మకంగా జవాబు చెప్పలేడు. అందులో చావుకు కారణం ఏమిటన్న అసలు సంగతి లేదు, మందు కొట్టాలన్న నిర్ణయం మాత్రం ముందే జరిగిపోయింది.

అదే విషయాన్ని ఇంకోలా అడిగితే ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. "ఎర్రనేల, వర్షాధారం. విత్తి 28 రోజులు. తూర్పు గెనెం పక్క నాలుగైదు సాళ్లలో మొదలై లోపలికి వస్తోంది. లేత ఆకుల మీద మచ్చలు, ఆ కింద కాండం నల్లబడింది. మొదలు దగ్గర తెల్ల బూజు లేదు. గెనెం మీద వయ్యారిభామ పూతలో ఉంది."

ఇందులో ప్రతి ముక్కా ఒక తలుపు మూస్తుంది. మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గింజలు కనిపిస్తే అది నేలలోని శిలీంధ్రం తెచ్చే మొదలుకుళ్ళు అయ్యే అవకాశం ఎక్కువ. అవి లేవన్నారు కాబట్టి ఆ తలుపు మూసుకుంది. విత్తనం ద్వారా వచ్చే జబ్బయితే చేనంతా అక్కడొకటి ఇక్కడొకటి కనపడాలి. ఒక అంచు నుంచి లోపలికి వస్తోందంటే దాని మూలం చేను బయట ఉందన్న అనుమానం బలపడుతుంది. ఇక 28 రోజులన్నది ముదురు మొక్క కాదని చెబుతోంది, లేతగా ఉన్నప్పుడు వైరస్ సోకితే దెబ్బ ఎక్కువ. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏ పరీక్ష ముందు చేయాలో శాస్త్రవేత్తకు తెలిసిపోతుంది. జవాబు ఇంకా రాలేదు, కానీ వెతకాల్సిన చోటు చిన్నదైంది.

మట్టి తీసి చూడాలన్న ఆమె ఎందుకు అలా అన్నదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. ఫొటోలో ఆకులున్నాయి, మొదలు లేదు. "కాండం కుళ్ళు" అన్న మాట మన వాడుకలో శిలీంధ్రంతో వచ్చే తెగులుకూ చెల్లుతుంది, వైరస్‌తో వచ్చేదానికీ చెల్లుతుంది. ఒకే పేరు, రెండు జబ్బులు. ఆమె తప్పించుకోలేదు, చూడకుండా పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ రోజు వచ్చిన రెండు మాటల్లో ఎక్కువ శాస్త్రం ఉన్నది ఆమె మాటలోనే.

ఒకే అంకె, రెండు తీర్పులు, ఇద్దరూ సరైనవాళ్లే

సరే, పరీక్ష చేశారు. ఇప్పుడైనా ఒకటే మాట రావాలి కదా? ఇక్కడ కూడా తేడా రావచ్చు.

మొక్కల వైరస్‌లకు ఎక్కువగా చేసేది ఎలీసా పరీక్ష. ఆకు రసాన్ని చిన్న గుంటలున్న ప్లేటులో వేస్తారు. ఫలానా వైరస్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అందులో ఉంటాయి. వైరస్ ఉంటే రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా వచ్చిందో యంత్రం ఒక అంకెగా చూపిస్తుంది. చిక్కేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న మొక్క రసం వేసినా అంకె సున్నా రాదు, కొంచెం రంగు వస్తుంది. కాబట్టి ఎంత దాటితే "ఉంది" అనాలో ఒక హద్దు గీసుకోవాలి.

లెక్క కోసం అంకెలు అనుకుందాం. మూడు ఆరోగ్యమైన మొక్కలకు 0.06, 0.10, 0.14 వచ్చాయి. సగటు 0.10. అనుమానం ఉన్న మన మొక్కకు 0.21 వచ్చింది.

మొదటి శాస్త్రవేత్త ప్రయోగశాలలో హద్దు అంటే ఆరోగ్యమైన వాటి సగటుకు రెట్టింపు. అంటే 0.20. మన మొక్క 0.21 కాబట్టి "వైరస్ ఉంది."

రెండో శాస్త్రవేత్త ప్రయోగశాలలో హద్దు అంటే సగటుకు మూడు రెట్ల ప్రామాణిక విచలనం కలపడం. ప్రామాణిక విచలనం అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఈ మూడు అంకెలకు అది 0.04 వస్తుంది. మూడు రెట్లు 0.12, సగటు కలిపితే 0.22. మన మొక్క 0.21 కాబట్టి "ఉందని చెప్పలేం."

రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. ఎవరూ లెక్క తప్పలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇలాంటప్పుడు వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే మొదట అడిగేది "మీ కంట్రోల్ మొక్కలు (పోలిక కోసం పెట్టిన ఆరోగ్యమైన మొక్కలు) ఎన్ని?" అని. మూడు మొక్కలతో గీసిన హద్దు గట్టిది కాదని ఇద్దరికీ తెలుసు. పదో పన్నెండో పెట్టి మళ్లీ చేద్దామనుకుంటారు, లేదా వైరస్ జన్యువునే వెతికే పీసీఆర్ పరీక్షకు పోతారు. బయటినుంచి చూస్తే అది తగాదా లాగా ఉంటుంది. లోపల జరిగేది ఎవరి కొలబద్ద ఏమిటో సరిచూసుకోవడం.

అచ్చు కాని విషయాలు ఎక్కడ దొరుకుతాయి?

పరిశోధన పత్రాల్లో ఒక లోటు ఉంది, దాని గురించి సామాన్యులకు ఎవరూ చెప్పరు. పని చేసిన ప్రయోగాలే ఎక్కువగా అచ్చవుతాయి. "ఆరు నెలలు తిప్పలు పడ్డాను, రాలేదు" అన్న అనుభవం నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయలోనో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో ఒక పరిశోధక విద్యార్థి ఉన్నాడనుకోండి. తన అంశం మీదే పని చేసే మరో మనిషి అదే ఊళ్లో ఉంటాడన్న హామీ లేదు. ఏ పుణేలోనో, ఏ బ్రెజిల్‌లోనో ఉండొచ్చు. "ఆ పద్ధతి నేనూ చేశాను, మా నీళ్లలో ఉప్పెక్కువై చెడిపోయింది, మీ నీళ్లు చూసుకోండి" అన్న ఒక్క వాక్యం ఆ విద్యార్థికి ఆరు నెలలు మిగులుస్తుంది. ఆ వాక్యం ఏ జర్నల్‌లోనూ ఉండదు. అడిగితేనే వస్తుంది.

కొన్నిసార్లు ప్రశ్నే పెద్ద సమాచారం. అంటువ్యాధుల గురించి ప్రపంచవ్యాప్తంగా వైద్యులు, శాస్త్రవేత్తలు ఒకరికొకరు కబురు చేసుకునే ప్రోమెడ్ అనే వ్యవస్థ 1994లో మొదలైంది. 2003 ఫిబ్రవరి 10న అందులో ఒక అమెరికా వైద్యుడి ప్రశ్న వచ్చింది: చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏదో అంటువ్యాధి ఉందట, ఎవరైనా విన్నారా అని. మర్నాడు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 305 కేసులు, 5 మరణాలు ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమాచారం అందింది. అదే సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి. 2019 డిసెంబర్ 30న వుహాన్‌లో అంతుపట్టని న్యుమోనియా గురించి వివరాలు కోరుతూ ఇదే వ్యవస్థలో మరో ప్రశ్న వెలువడింది. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. రెండుసార్లూ ఆ అడిగిన మాటల్లో నిర్ధారణ ఏదీ లేదు. అయినా ప్రపంచమంతా చెవులు రిక్కించింది.

అందరి ముందూ అడగాలా, వద్దా?

ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్యే గట్టి భేదాభిప్రాయం ఉంది, రెండు వైపులా బలమైన వాదనలున్నాయి.

బహిరంగంగా అడగాలనేవాళ్లు 2009 నాటి ఒక ప్రయత్నాన్ని చూపిస్తారు. కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త టిమ్ గోవర్స్ ఒక కఠినమైన సమస్యను అందరి ముందూ పెట్టి, ఎవరికి తోచిన చిన్న ముక్క వాళ్లు, తప్పయినా సరే, చెప్పండి అన్నాడు. కొన్ని వారాల్లోనే కొత్త నిరూపణ తయారైంది. డి.హెచ్.జె. పాలీమాత్ అనే ఉమ్మడి పేరుతో ఆ పత్రం 2012లో యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో వచ్చింది. పెద్ద సమస్యను పది మంది పది చోట్ల పట్టుకుంటే కదులుతుందని ఇది చూపించింది.

రెండో వైపు వాళ్లు అడిగేది కూడా వినాలి. ఉమ్మడి పేరుతో వచ్చిన పత్రంలో ఇంకా ఉద్యోగం రాని కుర్రవాడి వాటా ఎంతో ఇంటర్వ్యూ బోర్డుకు ఎలా తెలుస్తుంది? సగంలో ఉన్న ఆలోచనను అందరి ముందూ పెడితే, డబ్బూ మనుషులూ ఎక్కువ ఉన్న ప్రయోగశాల దాన్ని ముందుగా పూర్తి చేసేస్తే? పేరున్న ప్రొఫెసర్‌కు ఇది చిన్న విషయం. చిన్న ఊళ్లో, తక్కువ ఫెలోషిప్‌తో నెట్టుకొచ్చే విద్యార్థికి ఇది బతుకు తెరువు. ఆ భయాన్ని సంకుచితమని కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. సార్ ముందు, మేడమ్ ముందు "నాకు అర్థం కాలేదు" అనడానికే చాలామంది పిల్లలకు టెన్షన్. తెలియదని ఒప్పుకుంటే చిన్నచూపు చూస్తారని నోరు మూసుకుంటారు. పేరు చెప్పకుండా అడిగే వీలుంటే వాళ్లు అడుగుతారు. కానీ పేరు లేని ప్రశ్నకు, పేరు లేని జవాబుకు పూచీ ఎవరిది అన్న అభ్యంతరం కూడా సరైనదే. మందు మోతాదు లాంటి విషయంలో ఊరూ పేరూ లేని సలహా ప్రమాదకరం.

వేగం సంగతీ అంతే. 2023 జూలైలో దక్షిణ కొరియా బృందం ఒకటి ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు వేడిలోనే సూపర్ కండక్టర్‌గా, అంటే కరెంటుకు ఏ అడ్డూ లేని పదార్థంగా పని చేస్తుందని ప్రీప్రింట్ పెట్టింది. ప్రపంచమంతా హోరెత్తింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీతో సహా ఎన్నో చోట్ల దాన్ని తయారు చేసి చూసి, తమకు ఏమొచ్చిందో వెంటవెంటనే బయటపెట్టారు. కొన్ని వారాల్లోనే అది సూపర్ కండక్టర్ కాదని, అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ వల్ల అలా భ్రమ కలిగిందని తేలిపోయింది. తప్పు అంత వేగంగా పాకింది బహిరంగత వల్లే. అంత వేగంగా దొరికిపోయిందీ దానివల్లే. ఏది ఎక్కువ బరువు తూగుతుందన్నది రంగాన్ని బట్టి మారుతుంది. లోహపు ముక్క విషయంలో మూడు వారాల భ్రమ వల్ల ఎవరి ఇల్లూ మునగదు. రోగికి ఇచ్చే మందు, చేనులో కొట్టే మందు అలాంటివి కావు.

సలహాకు నేల కూడా ముఖ్యమే. నంద్యాల వైపు నల్లరేగడి వాన నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. కళ్యాణదుర్గం ఎర్రనేల అలా కాదు, నాలుగెండలకే నోరు తెరుస్తుంది. నంద్యాల పరిశోధనా స్థానంలో పని చేసిన మనిషి "పది రోజులు వాన లేకపోయినా ఫర్వాలేదు" అంటే అది ఆయన నేలకు నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని అనంతపురానికి తెచ్చుకుంటే పంట పోతుంది.

కలివికోడి: ప్రశ్నలోనే పొరపాటు ఉంటే

అడగడం తెలిసినా, ప్రశ్న లోపల మనకు తెలియకుండా ఒక ఊహ దాగి ఉంటే జవాబు దొరకదు. దీనికి కడప జిల్లా ఇచ్చిన ఉదాహరణ ప్రపంచ పక్షి శాస్త్రంలోనే నిలిచిపోయింది.

మన కలివికోడిని, అంటే జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షిని 1848లో శాస్త్రానికి పరిచయం చేశారు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. వెతికినవాళ్లు ఉత్త చేతులతో తిరిగి వచ్చారు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ వెతుకులాట మొదలుపెట్టింది. ఈసారి వాళ్లు తోటి శాస్త్రవేత్తలను మాత్రమే అడగలేదు. ఆ సంస్థకు చెందిన భరత్ భూషణ్ ఆ పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెల్లో జనాన్ని, వేటగాళ్లను అడిగాడు.

కోర్సర్ల కుటుంబంలో చాలా పక్షులు పగలు తిరిగేవే. పాత రికార్డుల్లో ఎక్కడా ఇది రాత్రి పిట్ట అని లేదు. కాబట్టి "ఎక్కడుంది?" అని అడిగిన ప్రతివాళ్లూ తెలియకుండానే "పగలు ఎక్కడుంది?" అని అడిగినట్టయింది. ఎనభై ఏళ్లకు పైగా ఆ ఊహను ఎవరూ పరీక్షించలేదు. కడప అడవి అంచు పల్లెల వాళ్లకు మాత్రం ఆ పిట్ట తెలుసు, దానికి వాళ్ల దగ్గర పేరు కూడా ఉంది.

రైనోప్టిలస్ బైటార్క్వేటస్ అన్న శాస్త్రీయ నామంలో దాని మెడ కింద కనిపించే రెండు పట్టీల గుర్తు ఉంది. కలివికోడి అన్న తెలుగు పేరులో అది దొరికే చోటు ఉంది, కలివి పొదల మధ్య. 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర, ఒక స్థానిక వేటగాడు చీకటి పడ్డాక టార్చిలైటు వేసుకుని ఆ పొదల్లోకి వెళ్లి దాన్ని పట్టుకొచ్చాడు. రెండేళ్లకు లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత ఆ పిట్ట మీద పని చేసినవాళ్లు పగటి వెతుకులాట వదిలేసి, పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి తెల్లవారి అడుగుజాడలు చూడటం, రాత్రిళ్లు కెమెరాలు పెట్టడం, దాని కూత రికార్డు చేసి వినిపించడం మొదలుపెట్టారు.